రాసింది ‘కాదు’, అర్థమైంది ‘ఔను’

వాన లెక్కల పట్టికలో శింగనమల మండలం పేరు పక్కన ఒకరోజు 0 ఉంటుంది. ఇంకోరోజు గడి ఖాళీగా ఉంటుంది. చూసే మనిషికి తేడా ఎవరూ చెప్పక్కర్లేదు. మొదటిది చినుకు రాలలేదన్న కబురు. రెండోది కబురే అందలేదని చెప్పడం: పరికరం మొరాయించి ఉండొచ్చు, సిగ్నల్ పోయి ఉండొచ్చు, ఎక్కించాల్సినవాళ్లు మరిచిపోయి ఉండొచ్చు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే అనంతపురం జిల్లాలో, అదీ వేరుశనగ విత్తనం నేలలో పడ్డాక, ఈ తేడా చిన్నదేమీ కాదు. వాన లేని రోజులు వరుసగా ఎన్ని గడిచాయో లెక్కపెట్టేటప్పుడు ఖాళీ గడిని సున్నా కింద వేస్తే లేని కరువు పుట్టుకొస్తుంది. సున్నాను ఖాళీ కింద కొట్టేస్తే ఉన్న కరువు కాగితం మీద కనిపించకుండా పోతుంది.

ఇవే విలువలను పైథాన్ ప్రోగ్రాము చేతికిచ్చి, ‘ఇది నిజమా, అబద్ధమా’ అని మాత్రమే అడిగి చూడాలి. అంకె 0 ఇస్తే అబద్ధం అంటుంది. విలువే లేదని చెప్పే ‘నన్’ ఇచ్చినా అబద్ధమే. లోపల ఒక్క అక్షరమూ లేని కోట్స్ ఇచ్చినా అబద్ధమే. కోట్స్ మధ్య సున్నా పెట్టి "0" అని ఇస్తే మాత్రం నిజం అంటుంది! వాన పడని రోజూ, లెక్క రాని రోజూ ఒకే గాటన కట్టేసిన యంత్రం, కోట్స్ తగిలించేసరికి అదే సున్నాను వానగా చదివింది.

ఇందులో మాయేమీ లేదు. కోట్స్‌లోకి వెళ్లిన సున్నా ఇక అంకె కాదు, అక్షరం. అక్షరాల వరుసను ప్రోగ్రామర్లు స్ట్రింగ్ అంటారు. స్ట్రింగ్‌ను నిజమా అబద్ధమా అని అడిగితే పైథాన్ దాని అర్థం జోలికి పోదు. లోపల ఏదైనా ఉందా లేదా అన్నంత వరకే చూస్తుంది. అందుకే "ఫాల్స్" అని కోట్స్‌లో రాసి ఇచ్చినా అది నిజమే అవుతుంది. అందులో ఐదు ఇంగ్లిషు అక్షరాలున్నాయి కదా మరి. నిజం, అబద్ధం అనే రెండే విలువలుండే రకం వేరు. దాని పేరు బూలియన్.

ఆ పేరు జార్జి బూల్‌ది. ఇంగ్లండులోని లింకన్‌లో 1815లో పుట్టి, ఐర్లండులోని కార్క్‌లో గణితం బోధిస్తూ, ఆలోచనను బీజగణితంలా రాయవచ్చని 1854లో పుస్తకం ప్రచురించినవాడు. ఆ మరుసటి ఏడాది ఆయన పెళ్లాడిన మేరీ ఎవరెస్ట్‌కు జార్జి ఎవరెస్ట్ స్వయానా పెదనాన్న. అవును, శిఖరానికి పేరిచ్చిన ఎవరెస్టే. ఆయన 1818లో హైదరాబాదులో విలియం లాంబ్టన్ సర్వే బృందంలో చేరాడు. అంతకు ఏడేళ్ల ముందు, 1811లో, లాంబ్టన్ తన త్రికోణమితి సర్వేకు కావలసిన ఆధార రేఖల్లో ఒకదాన్ని గుత్తి దగ్గర కొలిచాడు. గుత్తి అప్పుడూ ఇప్పుడూ శింగనమల వాళ్లకు ఇరుగుపొరుగే; నేడు రెండూ ఒకే జిల్లాలో ఉన్నాయి. బూల్ తర్కానికీ గుత్తి కొలతలకూ సంబంధం కలపాలని కాదు గానీ, ఇలాంటి బంధుత్వాలు తెలిసినప్పుడు ఊరుకోబుద్ధి కాదు. బూల్ బీజగణితంతో విద్యుత్ స్విచ్‌ల వలయాలను లెక్కగట్టవచ్చని 1937లో క్లాడ్ షానన్ తన ఎమ్మెస్ సిద్ధాంత వ్యాసంలో చూపించాక కంప్యూటరు బతుకంతా ఆ రెండు విలువల మీదే నడుస్తోంది. అయినా పైథాన్ భాషలో బూలియన్‌కు సొంత రకం ఏర్పడింది 2003లో, 2.3 వెర్షన్‌తో. అంతవరకూ 1, 0లతోనే కాలక్షేపం. ఆ వాసన ఇంకా పోలేదు: నేటికీ పైథాన్‌లో ట్రూకు ట్రూ కలిపితే 2 వస్తుంది.

ఒక్క కంప్యూటరు ముందు కూర్చుని రాసుకునే ప్రోగ్రాములో ఈ తికమక బయటపడితే సవరించుకోవచ్చు. వందల యంత్రాలను ఒకే తీరున అమర్చే స్క్రిప్టుల్లో దూరితేనే గోరుచుట్టు మీద రోకటి పోటు. ఆ పనికి నేడు బాగా వాడే సాధనాల్లో యాన్సిబుల్ ఒకటి. మైకేల్ డిహాన్ 2012లో విడుదల చేశాడు, 2015లో రెడ్‌హ్యాట్ కొనుక్కుంది. ఏ యంత్రంలో ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలి, ఏ సేవ నడవాలి, ఏ ఫైలులో ఏ వరుస ఉండాలి అన్నది ‘ప్లేబుక్’ అనే ఫైలులో రాసిపెడితే, మిగతాది అదే చూసుకుంటుంది.

ఊహకు ఒక ఏర్పాటు తీసుకుందాం. అనంతపురం జిల్లాలోని 31 మండలాల్లో ఒక్కోచోట ఆటోమేటిక్ వర్షమాపకం, దాని పక్కన ఒక చిన్న కంప్యూటరు. వాటన్నిటినీ అమర్చేది ఒకే ప్లేబుక్. అందులో ‘హెచ్చరిక’ అనే వేరియబుల్. అది ట్రూ అయితే రైతుల ఫోన్లకు సందేశాలు పంపే సేవ మొదలవుతుంది, ఫాల్స్ అయితే ఆగి ఉంటుంది. పరీక్ష కోసం నడుపుతున్న రోజున సందేశాలు పోకూడదు కాబట్టి ఇంజినీరు కమాండ్ లైన్‌లో ‘హెచ్చరిక=ఫాల్స్’ అని చేర్చి ఎంటర్ నొక్కుతాడు.

సందేశాలు పోతాయా, పోవా? జవాబు వెర్షన్‌ను బట్టి ఉంటుంది. అసలు కథ ఇక్కడే ఉంది.

కమాండ్ లైన్‌లో పేరు, సమానం గుర్తు, విలువ అనే వరుసలో ఏది ఇచ్చినా యాన్సిబుల్ దాన్ని స్ట్రింగ్‌గానే తీసుకుంటుంది. ఇంజినీరు మనసులో ఉన్నది బూలియన్. యంత్రం చేతికి చిక్కింది ఐదక్షరాల మాట. తొలినాటి యాన్సిబుల్ ఇక్కడ కాస్త చొరవ చూపేది. షరతులో వేరియబుల్ పేరు ఒక్కటే ఉంటే, దాని లోపలి మాటను బయటికి తీసి మళ్లీ అర్థం చెప్పుకునేది. ఫాల్స్ అన్న మాట అలా ఫాల్స్ విలువ అయ్యేది. పని జరిగిపోయేది, ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. కానీ అదే వేరియబుల్‌ను షరతులో వేరే రూపంలో, ‘డిక్షనరీ’ అనే పేర్లు-విలువల జాబితా లోపలి అంశంగా రాస్తే ఆ చొరవ ఉండేది కాదు. ఒకే విలువకు రెండు తీర్పులన్నమాట. 2019లో వచ్చిన 2.8 వెర్షన్ దీని మీద హెచ్చరికలు మొదలుపెట్టింది, ఆ తర్వాతి వెర్షన్లలో ఆ చొరవ ఆగిపోయింది. అప్పటినుంచి "ఫాల్స్" అనే స్ట్రింగ్ ఖాళీ కాదు కాబట్టి నిజం. అంటే మన ఊహలోని ఏర్పాటులో, ఏమీ మార్చని అదే ప్లేబుక్, అదే ఆదేశం, పాత యాన్సిబుల్‌తో సందేశాలు ఆపుతుంది, ఆ తర్వాతి వెర్షన్లతో 31 మండలాలకూ పంపేస్తుంది. ఎర్రక్షరాల్లో తప్పు చూపడం లాంటిదేమీ ఉండదు. తెర మీద అంతా పచ్చగా, పని సవ్యంగా ముగిసినట్టే కనిపిస్తుంది.

దీనికి మందు రెండు చోట్ల వేయవచ్చు. ఇచ్చేచోట జేసన్ అనే డేటా రూపంలో, కోట్స్ లేకుండా ఫాల్స్ అని ఇస్తే అది బూలియన్‌గానే చేరుతుంది. వాడేచోట వేరియబుల్ పక్కన నిలువు గీత గీసి ‘బూల్’ అనే ఫిల్టర్ తగిలిస్తే, స్ట్రింగ్‌గా వచ్చినా బూలియన్‌గా మారుతుంది. యెస్, ఆన్, ట్రూ, 1 అన్నవి నిజాలు, మిగతావి అబద్ధాలు అన్నది దాని పాత లెక్క. ఆ ‘మిగతావి’ అన్నచోట ఆగాలి. మన దగ్గర ఫారాల్లో, ఎక్సెల్ షీట్లలో అవునుకు ‘వై’, కాదుకు ‘ఎన్’ అని ఒక్కక్షరం కొట్టడం అలవాటు. ఆ వై అక్షరం బూల్ ఫిల్టర్ జాబితాలో లేదు. బీమా నమోదైందా అన్న గడిలో వై ఉన్న రైతు, ఫిల్టర్ దాటేసరికి నమోదు కానివాడవుతాడు. తెలుగులో ‘అవును’ అని రాసిన గడికీ అదే గతి. విచిత్రం ఏమిటంటే, యాన్సిబుల్‌లో ఒక్కో పని చేసిపెట్టే మాడ్యూళ్లు తమకు నేరుగా వచ్చే బూలియన్ పారామీటర్లలో వై అక్షరాన్ని నిజంగానే ఒప్పుకుంటాయి. ఒకే ఇంట్లో రెండు జాబితాలు! ఇటీవలి వెర్షన్లలో ఫిల్టర్‌కు తెలియని విలువ వస్తే హెచ్చరిక కనిపిస్తోంది. అంతవరకు మేలు.

యంత్రాల పేర్లు రాసిపెట్టే ఇన్వెంటరీ ఫైలు సంగతి ఇంకో రకం. పాత ఐఎన్ఐ పద్ధతిలో యంత్రం పేరు పక్కనే వేరియబుల్ ఇస్తే దాన్ని పైథాన్ చదివినట్టు చదువుతారు. పైథాన్‌కు మొదటి అక్షరం మాత్రమే పెద్దదిగా ఉన్న ఫాల్స్ ఒక్కటే తెలుసు. అన్నీ చిన్నక్షరాలతో రాసినా, అన్నీ పెద్దక్షరాలతో రాసినా అది స్ట్రింగ్‌గా మిగిలిపోతుంది. ఒక అక్షరం పొట్టిపొడుగుల మీద సేవ నడవడం, ఆగడం ఆధారపడటం చూస్తే రాసినవాళ్లకు తలకాయ నొప్పి రాక మానదు. ఇంకో యంత్రంలో ఆదేశం నడిపి దాని జవాబును దాచుకున్నా తెర మీద పడిన అక్షరాలే చేతికొస్తాయి. వర్షమాపకం 0 అని జవాబిచ్చిందంటే అది కోట్స్‌లోని సున్నాయే. దాన్ని ఉన్నదున్నట్టు షరతులో పెట్టేసినవాళ్లకు వాన పడ్డట్టే.

ప్లేబుక్ రాసే భాష యామల్. 2001లో మొదలైన ఈ భాష, మనిషి రాయడానికీ చదవడానికీ హాయిగా ఉండాలన్న కోరికతో కోట్స్‌ను చాలా చోట్ల ఐచ్ఛికం చేసింది. కోట్స్ లేకపోతే ఇది మాటా, అంకా, బూలియనా అన్నది యామలే ఊహించుకుంటుంది. 2005 నాటి 1.1 నిర్వచనంలో యెస్, నో, ఆన్, ఆఫ్ అన్నీ బూలియన్లే. దేశాల రెండక్షరాల సంకేతాల జాబితా కోట్స్ లేకుండా రాస్తే నార్వే దగ్గర ‘ఎన్ఓ’ వస్తుంది. యామల్ దాన్ని నో అని చదివి ఫాల్స్ చేసేస్తుంది. ప్రోగ్రామర్ల లోకంలో దీనికి ‘నార్వే సమస్య’ అనే పేరు స్థిరపడిపోయింది. కెనడాలోని అంటారియో సంకేతం ‘ఓఎన్’ కాబట్టి దానికి ట్రూ యోగం పడుతుంది. నిజానికి ఆ నిర్వచనం వై, ఎన్ అనే ఒంటరి అక్షరాలను కూడా బూలియన్ల జాబితాలోనే పెట్టింది. ఇంటిపేరును ఒక్క ఇంగ్లిషు అక్షరానికి కుదించి రాసుకునే తెలుగువాళ్ల మీద అది అమలై ఉంటే ఎన్‌తో మొదలయ్యే ఇంటిపేర్లన్నీ అబద్ధాలయ్యేవి! యాన్సిబుల్ వాడే పైయామల్ లైబ్రరీ ఆ రెండక్షరాలనూ వదిలేయడం వల్ల బతికిపోయాం. 2009లో వచ్చిన యామల్ 1.2 మూల నియమావళి ట్రూ, ఫాల్స్ తప్ప మిగతావాటిని మామూలు మాటలుగా చూడమంది. పైయామల్ మాత్రం ఇంకా 1.1 దగ్గరే ఉంది.

అంకెల విషయంలో యామల్ 1.1 ఇంకా సరదా మనిషి. సున్నాతో మొదలై, మిగిలినవన్నీ 0 నుంచి 7 వరకు ఉన్న అంకెలే అయితే దాన్ని ఎనిమిది ఆధారంగా ఉన్న సంఖ్యగా లెక్కిస్తుంది. హైదరాబాదు ఎస్‌టీడీ కోడ్ 040ను కోట్స్ లేకుండా రాస్తే లోపలికి వెళ్లేది 32. చెన్నై 044 కాస్తా 36 అవుతుంది. అనంతపురం 08554లో 8 ఉంది; ఎనిమిది ఆధార సంఖ్యలో 8కి చోటు లేదు కాబట్టి ఆ లెక్కకు కుదరక స్ట్రింగ్‌గా మిగిలి క్షేమంగా బయటపడుతుంది. అదే కారణంతో బెంగళూరు 080కీ ఢోకా లేదు. అంటే అనంతపురం కోడ్లతోనే పరీక్షించి చూసుకున్న స్క్రిప్టు ఏ లోపమూ చూపకుండా ఏళ్లు గడుపుతుంది, హైదరాబాదు కార్యాలయం నంబరు చేరిన రోజున తప్పు నంబరు తిప్పుతుంది.

గడియారం వేళలదీ ఇదే వరస. పొలంలో మోటారు ఆడించే వేళను 12:30 అని రాస్తే అరవై ఆధారంగా లెక్కగట్టి 750 అంటుంది: పన్నెండు అరవైలు 720, ఆపైన 30. పొద్దున 06:30 అని రాస్తే సున్నాతో మొదలైంది కాబట్టి ముట్టుకోదు. పోర్టు నంబర్లను ఇలాగే రెండు చుక్కలతో కలిపి రాసే డాకర్ కంపోజ్ అనే సాధనం వాళ్లు, కోట్స్ వాడమని తమ పత్రాల్లోనే జాగ్రత్త చెప్పారు.

లోపలికి వచ్చేటప్పుడే కాదు, బయటికి పోయేటప్పుడూ రకం మారుతుంది. యాన్సిబుల్ తయారుచేసే కాన్ఫిగరేషన్ ఫైళ్లు జింజా అనే టెంప్లేట్ల నుంచి వస్తాయి. అక్కడ బూలియన్‌ను అచ్చు వేయమంటే పైథాన్ పద్ధతిలో మొదటి అక్షరం పెద్దదిగా ట్రూ అని వేస్తుంది. ఆ ఫైలు జేసన్ అయితే దాన్ని చదివే ప్రోగ్రాము అక్కడే చేతులెత్తేస్తుంది, ఎందుకంటే జేసన్‌కు చిన్నక్షరాల ట్రూ ఒక్కటే తెలుసు. విలువను జేసన్‌గా మార్చే ఫిల్టర్ వేస్తే చిక్కు తీరుతుంది.

ఇలాంటివి ప్రోగ్రామర్ల గదులు దాటి మనుషుల మీద పడటమూ ఉంది. అమెరికా నటి రేచల్ ట్రూ ఇంటిపేరు ఆమె ఐక్లౌడ్ ఖాతాను 2021లో అడ్డుకుంది. ఇంటిపేరు గడిలో ట్రూ అనే విలువ పెట్టడం కుదరదన్నది ఆమె తెర మీద పడిన సందేశం. మాటగా ఉండాల్సిన పేరు దారిలో ఎక్కడో బూలియన్ అయింది.

ఇంతవరకు బూలియన్‌దే దోషమన్నట్టు సాగింది గానీ, స్ట్రింగ్ తక్కువదేమీ కాదు. రెండు స్ట్రింగ్‌లు సమానమా అని అడిగితే యంత్రం అక్షరం పక్కన అక్షరం పెట్టి చూస్తుంది, అంతే. శింగనమల అని శకారంతో రాసేవాళ్లున్నారు, సింగనమల అని సకారంతో రాసేవాళ్లున్నారు. యంత్రానికి అవి రెండు ఊళ్లు. పక్క మండలం ఒక పట్టికలో బుక్కరాయసముద్రం, ఇంకో పట్టికలో బి.కె.సముద్రం, మూడోదాంట్లో చుక్కలు లేని బీకే సముద్రం. జిల్లా పేరును ఇప్పుడు అధికారికంగా అనంతపురము అంటున్నారు, పాత పట్టికల్లో అనంతపురం, అనంతపూర్ ఉన్నాయి, ఇంగ్లిషు రాతలో ‘టి’ పక్కన ‘హెచ్’ ఉన్నదొకటి, లేనిదొకటి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక, ముందటి లెక్కల్ని తర్వాతి లెక్కలతో కలపాల్సి వచ్చిన ఎవరికైనా ఈ పేర్లు చుక్కలు చూపిస్తాయి. శ్రీరంగరాయల చెరువన్నా శింగనమల చెరువన్నా ఊళ్లో అందరికీ ఒకటే. ‘ఈ పేరు ఆ పేరుకు సమానమైతే’ అని షరతు రాసిన స్క్రిప్టుకు కాదు. ఊళ్లకూ మండలాలకూ కేంద్ర పంచాయతీరాజ్ శాఖ స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో ఇచ్చిన కోడ్లను వాడితే పేర్ల గొడవ తప్పుతుంది. కోడ్‌ను కోట్స్‌లో పెట్టడం మరవకపోతే సరి.

పొడవు లెక్క కూడా కంటికి కనిపించినట్టు ఉండదు. శింగనమల అన్న పేరు పలికేటప్పుడు ఐదక్షరాలు. పైథాన్ ఏడంటుంది, ఎందుకంటే గుడినీ సున్ననూ విడివిడిగా లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో దాచితే 21 బైట్లు. పేరు గడికి ఇరవై బైట్లు చాలనుకున్న డేటాబేసులో చివరి ‘ల’ సగంలో తెగిపోతుంది. తెలుగు అక్షరం యంత్రాన్ని ఎంత ఇరుకున పెట్టగలదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది: ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక వరుసలో, మధ్యలో కంటికి కనిపించని ఒక కోడ్‌తో కలిపి, మొత్తం ఐదు కోడ్‌లుగా పంపితే ఐఫోన్లలోని యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది.

కరువు మండలాల జాబితా దగ్గరికి వస్తే, ఏది బూలియన్, ఏది స్ట్రింగ్ అన్నది రాసేవాళ్ల ఇష్టానికి వదిలే విషయం కాదని తెలుస్తుంది. కరువు ఉందా లేదా అన్న ప్రశ్న చూడ్డానికి అచ్చమైన బూలియన్. కానీ ఉత్తర్వుల్లో మండలాలను తీవ్ర కరువు, మధ్యస్థ కరువు అని విడదీస్తారు. ఇంకా తేల్చని మండలం ఉంటుంది, పరిశీలించి లేదని తేల్చిన మండలమూ ఉంటుంది. దీన్ని ట్రూ, ఫాల్స్‌ల్లో ఇరికిస్తే తేల్చని మండలం కరువు లేని మండలాల వరసలో కలిసిపోతుంది. అలాగని స్ట్రింగ్ అని వదిలేస్తే ‘తీవ్ర’, ‘తీవ్రం’, వెనక ఖాళీ తగిలిన ‘తీవ్ర ’ అన్నీ వచ్చి చేరతాయి.

యాన్సిబుల్‌లో ఇందుకు పనికొచ్చే ఏర్పాటు 2.11 నుంచి ఉంది. ఒక రోల్‌కు, అంటే ప్లేబుక్‌లలో మళ్లీ మళ్లీ వాడుకునే పనుల కట్టకు, ఏయే వేరియబుల్స్ రావాలో, ఏది బూలియనో, ఏది స్ట్రింగో, ఆ స్ట్రింగ్ ఏ నాలుగు మాటల్లో ఒకటి కావాలో విడిగా ఒక ఫైలులో రాసిపెట్టవచ్చు. అందులో లేని మాట వస్తే రోల్ మొదటి అడుగులోనే ఆగి, ఏ వేరియబుల్‌కు ఏ విలువలు ఒప్పుకుంటుందో చెబుతుంది. 31 మండలాల యంత్రాల్లో ఒక్కదాన్నీ ముట్టుకోకముందే. ఈ ఫైలు రాయడం విసుగు పనే, చాలా ప్లేబుక్‌లలో అది కనిపించదు కూడా. కానీ వేరియబుల్ అసలు అర్థం తెలిసినవాళ్లు, అంటే రోల్ రాసినవాళ్లు, ఆ అర్థాన్ని యంత్రానికి చెప్పగలిగే సరైన చోటు అదొక్కటే. అక్కడ చెప్పకపోతే కమాండ్ లైనూ, యామలూ, జింజా ఎవరి ఊహ వాళ్లు చేసుకుంటాయి.

2025 జులైలో వచ్చిన యాన్సిబుల్ కోర్ 2.19 ఊహించే పనిని షరతుల దగ్గర మానేసింది. షరతు ఫలితం బూలియన్ కాకపోతే, అది ఖాళీ కాని స్ట్రింగ్ అయినా సరే, పని ఆపి తప్పు చూపుతుంది. మన ఊహలోని ‘హెచ్చరిక=ఫాల్స్’ ఆదేశానికి ఇది మూడో తీర్పు: పాతది సందేశాలు ఆపింది, నడిమిది పంపింది, కొత్తది అసలు ముందుకే కదలదు. ఏళ్లుగా నడిచిన ప్లేబుక్‌లు ఒక్కసారిగా మొండికేయడంతో విసుక్కున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకోసం పాత అలవాటును కొన్నాళ్లు సాగనిచ్చే సెట్టింగు ఒకటి ఉంచారు. ట్రూ, ఫాల్స్‌లలో ఏదో ఒకటి ఇవ్వాల్సిన సెట్టింగే అది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇస్తే మాత్రం, ఆపరేటింగ్ సిస్టంలో ఆ వేరియబుల్స్‌కు స్ట్రింగ్ తప్ప వేరే రకం లేదు కాబట్టి, ట్రూ అన్న మాటగానే వెళ్తుంది. దాన్ని బూలియన్‌గా మార్చుకునే పని యాన్సిబులే చేసుకోవాలి.